కరువుసీమలో అంటురోగములు – మన సంఘములు

2020వ సంవత్సరములో శుభ శుక్రవారము ఏప్రిల్ 10వ తేదీన, ఈస్టరు 12వ తేదీన వచ్చినవి. దేశమంతట మార్చి 25 నుండి లాక్‌డౌన్ అమలులో ఉన్నది. ఆ ఏప్రిల్ నెలలోనే రాష్ట్రమంతటిలో కర్నూలు జిల్లాలో కరోనా కేసులు మిక్కుటముగా పెరిగినవి. ఆరోగ్యశాఖవారి జీపు మైకు పెట్టుకొని వీధులన్నీ తిరుగుచుండెడిది. గుంపులు కూడవద్దు, మాస్కు లేక బయటికి రావద్దు, చేతులు సబ్బుతో కడుగుకొనండి, దగ్గు జ్వరమున్నచో దాచవద్దు అని చెప్పుచుండిరి. దేవాలయము తలుపులకు మా చేతులతోనే తాళము వేసినాము.

మట్లాదివారము నాటి సాయంత్రము సంఘపెద్ద ఒకరు మా ఇంటి గేటు బయటనే నిలబడి, తువ్వాలు మూతికి అడ్డము పెట్టుకొని, మాతో ఒక మాట అన్నారు. "మా జేజినాయన కాలములో మారెమ్మ వచ్చి ఊరికి ఊరే తుడిచిపెట్టుకొని పోయిందంట అయ్యగారూ. అప్పుడు గూడా గుడికి తాళం పడలేదు. మీరు జీపు మాట విని తాళమేస్తిరే!"

ఆయన మాటలో కోపము లేదు, దుఃఖమున్నది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఆయన వెళ్లిపోయిన తరువాత బీరువాలోని పాత సమాధి రిజిస్టరు తీసినాము. అంతకుముందు ఆ పుస్తకమును ఎవరైనా సర్టిఫికెట్టు అడిగినప్పుడు తప్ప తెరచినవారము కాము. పేరు, వయస్సు, తండ్రి పేరు, మరణకారణము, సమాధి తేదీ, పాదిరి సంతకము అని గడులు గీసి ఉన్నవి. కొన్ని ఏండ్లు పుటకు నలుగురైదుగురు ఉంటారు. కారణములు ముసలితనము, జ్వరము, కాన్పు. ఉన్నట్టుండి ఒక ఎండాకాలము వస్తుంది. మొదటి వరుసలో "కలరా" అని ఉంటుంది. దాని కింద వరుసగా "డిటో", "డిటో" అని పుట చివరిదాకా పోతుంది. చేతివ్రాత మధ్యలో మారింది. వ్రాస్తున్న ఉపదేశి గూడా ఆ వరుసలోనే చేరినాడేమో అని మాకు తోచినది.

గుడికి తాళము పడలేదన్న మాట నిజమే. కాని రిజిస్టరు చూచిన తరువాత ఆ మాటను మునుపటివలె వినలేకపోయినాము. శతవార్షిక సంచికలలో మనము బాప్తిస్మము పొందినవారి సంఖ్యలు వ్రాసుకొంటాము. కట్టిన దేవాలయములు, పాఠశాలలు వ్రాసుకొంటాము. అంటురోగములలో పోయినవారి లెక్క వ్రాసుకొనము. ఈ వ్యాసము అందుకొరకు.

మన సీమలో కలరా కథ చెప్పవలెనంటే పత్తికొండ నుండి మొదలుపెట్టవలెను. మద్రాసు గవర్నరుగా ఉండిన సర్ థామస్ మన్రోను దత్తమండల ప్రజలు ఎరుగుదురు. రైతువారీ పద్ధతిని స్థిరపరచిన కలెక్టరు ఆయనే. పదవి విడిచి ఇంగ్లండుకు పోవుటకు ముందు తాను ఏండ్ల తరబడి తిరిగిన ఈ జిల్లాలను కడసారి చూచిపోవలెనని 1827 మే చివరలో మద్రాసు నుండి బయలుదేరినాడు. గుత్తికి చేరేసరికి వెంటనున్న సిబ్బందిలో కలరా తగిలింది. జూలై 6న పత్తికొండలో మజిలీ చేసినారు. ఉదయము రోగము పట్టుకొన్నది, ఆ రాత్రికే ఆయన మరణించినాడు. గుత్తిలో సమాధి చేసి, 1831లో అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయమునకు మార్చినారు.

కడప జిల్లా గండి క్షేత్రము దగ్గర మన్రోకు ఆకాశములో బంగారు తోరణము కనిపించెననియు, అది కనిపించినవారు ఎక్కువకాలము బ్రతుకరనియు ఒక కథ ఉన్నది. ఇప్పటికీ చెప్పుకొంటారు. ఇష్టమైన దొర చావుకు ప్రజలు బంగారు తోరణము కట్టినారు. అసలు కారణము బహుశా మజిలీలో తాగిన చెంబెడు నీళ్లు. ఆ సంగతి అప్పుడు ఎవరికీ తెలియదు. కలరా 1817లో బెంగాలు నుండి బయలుదేరి దేశమంతా పాకినప్పటి నుండి అది చెడుగాలి వలన వస్తుందనే డాక్టర్లు సైతము నమ్మినారు. నీటి ద్వారా వస్తుందని లండనులో జాన్ స్నో చూపించినది 1854లో. కలరా క్రిమిని రాబర్ట్ కోక్ ఈజిప్టులోను, తరువాత కలకత్తాలోను పట్టుకొన్నది 1883, 84లలో.

మన్రో జ్ఞాపకార్థము ప్రభుత్వము పత్తికొండలో తోపు నాటించి, రాతిమెట్ల బావి కట్టించినది. నీటిరోగముతో పోయినవానికి నీటిబావి జ్ఞాపకచిహ్నమయినది. ఈ మెట్లబావి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను. మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

మన్రో పోయిన ఏబది ఏండ్లకు ధాత కరువు వచ్చినది. 1876 నుండి 1878 వరకు బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దానిలో బాగుగా నలిగినవి. 1871 జనాభా లెక్కలకు, 1881 లెక్కలకు మధ్య కర్నూలు జిల్లా జనములో దాదాపు నాలుగవ వంతు తగ్గినది. వలసపోయినవారు కొందరు, కాని చచ్చినవారే ఎక్కువ. ఆకలితో ఎందరు పోయినారో, కలరాతో ఎందరు పోయినారో విడదీయుట కష్టము. వంకలు ఎండిపోయినప్పుడు మిగిలిన ఒక్క గుంటలో మనిషీ గొడ్డూ దిగి తాగినారు. కరువుపనుల శిబిరములలో వేలమంది ఒక్కచోట చేరినారు. 1877 ఒక్క సంవత్సరములో మద్రాసు రాజధానిలో కలరా మరణములు 3,50,000కు పైగా నమోదయినవి. నమోదు కానివి దేవునికి తెలుసు.

ఆ కాలములో ఒక ఆరోగ్యాధికారి పేరు మన సంఘములవారు తెలిసికొనదగినది. ఆయన డబ్ల్యు. ఆర్. కార్నిష్, మద్రాసు రాజధాని సానిటరీ కమిషనరు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువుపనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యమూ పైన కొద్ది చిల్లరా చాలునని కూలి తగ్గించినాడు. ఈ కూలితో మట్టి మోసే మనిషి బ్రతుకడని కార్నిష్ ప్రభుత్వ ఉద్యోగిగా ఉండి ప్రభుత్వమునకే ఎదురు వ్రాసినాడు. చిక్కిన శరీరమును రోగము సులభముగా పడగొట్టుననునది ఆయన వాదము. కొన్ని నెలలకు కూలి కొంత పెంచినారు. ఆలోగా ఎన్ని గోతులు పూడినవో! ఆరోగ్యశాఖ అంటే మైకు పట్టుకొని జాగ్రత్తలు చెప్పునది మాత్రమే కాదు. అన్నము గూడా జాగ్రత్తలలో ఒకటని తన ప్రభుత్వమునకే చెప్పినవాడు ఆ శాఖలో ఉండినాడు.

మన సీమలో సంఘములు విస్తారముగా పెరిగినది ఈ కరువు సమయములోనూ ఆ తరువాతనే. జమ్మలమడుగు, కడప ప్రాంతములలో లండను మిషను, ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ప్రాంతములలో ఎస్.పి.జి. మిషను, కర్నూలు ప్రాంతములో అమెరికన్ బాప్టిస్టు మిషను పనిచేసినవి. చేరినవారిలో అత్యధికులు మాలపల్లె, మాదిగపల్లెల వారు. ఇక్కడ ఒక సంగతి దాచకుండ వ్రాయవలెను. ఊరి బావిలో కడవ ముంచుటకు వీరికి హక్కు లేదు. ఎవరైనా దయ తలచి తోడి పోస్తే తెచ్చుకొనవలెను, లేదా వంక ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు చిప్పతో ఎత్తుకొనవలెను. ఎండాకాలము ఆ చెలమ దగ్గర పందులుంటాయి, పశువులుంటాయి. కడవెడు నీళ్లకు ఒక జాము పట్టినప్పుడు, ఆ నీళ్లు కాచి చల్లార్చి తాగుమని చెప్పితే ఆ తల్లి కట్టెలు ఎక్కడినుండి తెస్తుంది? హెచ్చరిక సరియైనదే. అది చేరవలసిన ఇంటిలో దానిని పాటించుటకు కావలసిన సరుకు లేదు.

అందుచేత మన పూర్వికులు చేసిన పనులలో పల్లెలో బావి త్రవ్వించుటను మేము చాలా పెద్దదిగా ఎంచుచున్నాము. గుడి గోడకు శిలాఫలకముంటుంది, బావికి సాధారణముగా ఉండదు.

1890లలో హాంకిన్ అను శాస్త్రజ్ఞుడు ఆగ్రాలో ఉండి, బావులలో పొటాషియం పర్మాంగనేటు కలిపితే కలరా క్రిములు చచ్చునని ప్రచారము చేసినాడు. క్రమముగా అది అన్ని రాజధానులకూ వ్యాపించినది. బావినీళ్లు గులాబిరంగు తిరిగేసరికి జనము బెదరినారు. బావిలో విషము కలిపినారనియు, మతము చెరుపుటకు చేసినారనియు పుకార్లు పుట్టినవి. పాత సంఘస్థులు చెప్పుకొనే మాట ఒకటి మేము చాలచోట్ల విన్నాము. అట్టి బావి దగ్గర ఉపదేశి అందరియెదుట మొదటి చెంబు తాను తాగి, పిదప తన బిడ్డకు పట్టించెడివాడట. ప్రసంగము ఏమి చేసినాడో ఎవరికీ గుర్తులేదు, ఆ చెంబు గుర్తున్నది.

ఆ దశాబ్దములోనే లండను మిషనువారి డాక్టరు టి. వి. క్యాంబెల్ జమ్మలమడుగులో వైద్యశాల ప్రారంభించినాడు. ఈ నాటికీ అది ఆయన పేరనే ఉన్నది. అదే విధముగా 1911 వరకు మన కడప జిల్లాలో భాగముగా ఉండిన మదనపల్లెలో, పెక్కు మిషనులు కలిసి క్షయరోగులకు శానిటోరియము 1912లో చిన్నగా మొదలుపెట్టినవి. అది 1915లో ఆరోగ్యవరమునకు చేరినది. డెన్మార్కు దేశస్థుడు డాక్టరు ఫ్రిమోట్ మోల్లర్ దానిని నడిపించినాడు. దేశములో బి.సి.జి. టీకా తొట్టతొలిగా 1948లో వేసిన కేంద్రములలో మదనపల్లె ఒకటి. ఆ టీకాను ఎదిరించినవారు సామాన్యులు కారు. మద్రాసులో ఎ. వి. రామన్ అను విశ్రాంత ఇంజనీరు, తరువాత సాక్షాత్తు రాజాజీగారే దానికి విరోధముగా వ్రాసినారు. టీకా అంటే జంకు చదువురానివారికే ఉంటుందనుకొనువారు ఈ సంగతి గమనించవలెను. మశూచి టీకా కథ అందరికీ తెలిసినదే. పెద్దల భుజము మీద ఆ మచ్చ ఇంకా ఉన్నది. రోగము మాత్రము 1975తో మన దేశము విడిచిపోయినది.

ఇప్పుడు మెట్లబావి దగ్గరకు వస్తాము.

నారికురుపు అనిన ఇప్పటి యువజనులకు తెలియదు. అది తెలియకపోవుటే ఆరోగ్యశాఖ చేసిన మేలు. మా చిన్నతనములో మా జేజి కాలికి అది వచ్చినది. పాదము పైన బొబ్బ లేచి, నిప్పు పెట్టినట్టు మంట. బొబ్బ చితికితే లోపలినుండి తెల్లని దారము వంటి పురుగు తల కనిపిస్తుంది. దానిని లాగితే తెగుతుంది. తెగితే కాలు వాచి చీము పడుతుంది. అందుచేత చిన్న పుల్లకు చుట్టి, దినమునకు అంగుళమో రెండంగుళములో, వారాల తరబడి మెల్లగా చుట్టవలెను. మూరకు మించి పొడవుండును. సరిగ్గా పైరు పనుల కాలములోనే వచ్చి మనిషిని మంచమున పడవేసెడిది. అరణ్యములో ఇశ్రాయేలీయులను కరచిన తాపకరమైన సర్పములు ఈ పురుగులే అయి ఉండవచ్చునని కొందరు పండితుల అభిప్రాయము. థియొలాజికల్ కాలేజీలో ఆ మాట విన్నప్పుడు తరగతిలో అందరూ నవ్వినారు. మాకు జేజి కాలు కళ్ల ముందర ఆడినది, నవ్వు రాలేదు.

ఈ రోగము నడిచే తీరు ఇది. పురుగు బయటపడిన కాలు మంట ఓర్వలేక రోగి చల్లని నీటిలో పెడతాడు. పురుగు వెంటనే వేలకొలది పిల్లలను నీటిలో విడుస్తుంది. కంటికి సరిగా ఆనని నీటిపురుగులు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు వడకట్టక తాగినవానికి సుమారు సంవత్సరమునకు నారికురుపు లేస్తుంది. దీనికి మందు లేదు, టీకా లేదు. కాళ్లతో నీటిలోనికి దిగే బావి ఉన్నంతకాలము రోగముంటుంది. మన సీమలో దిగుడుబావులకు కొదువ ఏమున్నది? రాజులు కట్టించినవి, ధర్మాత్ములు కట్టించినవి, పుణ్యమునకు కట్టించినవి. మన్రో పేర సర్కారు కట్టించినది గూడ మెట్లబావియే. పూర్వము పుణ్యముగా కట్టిన మెట్లను ఇప్పుడు మూసివేయుమని ఆరోగ్యశాఖ చెప్పవలసి వచ్చినది.

1983–84లో దేశమంతట నారికురుపు నిర్మూలన కార్యక్రమము మొదలయినది. మన రాష్ట్రమూ అందులో ఉన్నది. 1984లో దేశములో సుమారు 40,000 మంది రోగులను లెక్కించినారు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వచ్చి చెప్పినవి మూడు నాలుగు మాటలే. నీళ్లు రెండు మడతల గుడ్డతో వడకట్టండి. కురుపు ఉన్నవారు బావిలోనికి దిగవద్దు. దిగుడుబావికి గట్టు కట్టి చేదబావిగా మార్చండి, లేదా చేతిపంపు వేయించుకొనండి. బావిలో మందు వేయటానికి వస్తే అడ్డుపడవద్దు. మా జేజి పాత పంచె మడత కడవ మూతికి కట్టుకొని, తుదివరకు ఆ గుడ్డ లేక నీళ్లు పోసికొనలేదు. దేశములో చివరి రోగి 1996 జూలైలో రాజస్థానములో కనిపించినాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము ఈ రోగమునుండి విముక్తి పొందినదని ధ్రువపరచినది. మందు లేని రోగమును గుడ్డపేలికతోను, గట్టుతోను, మాట వినుటతోను పోగొట్టినారు.

ఇక ఆ సంఘపెద్ద అడిగిన ప్రశ్న. లేవీయకాండము 13వ అధ్యాయము పరీక్షకొరకు చదివినప్పుడు మాకు విసుగు కలిగినది. యాజకుడు మచ్చను చూడవలెను, ఏడు దినములు రోగిని వేరుగా ఉంచవలెను, మరల చూడవలెను. యాజకుడే ఆనాటి హెల్తు ఇన్‌స్పెక్టరు అని మా ఉపాధ్యాయుడు చమత్కరించినారు. 2020లో ఆ అధ్యాయమును మరల చదివినాము. వేరుగా ఉంచుట యాజకుని పనులలో ఒకటి. వేరుగా ఉన్నవానిని ఏడవ దినమున పోయి చూచుట గూడ ఆయన పనియే. గుడికి తాళము వేసి, మేము ఫోనులో ప్రార్థనలు చేసి ఊరుకొనలేదు. యువజనులు బియ్యము, సబ్బులు ఇండ్లముందర పెట్టి వచ్చినారు. ఆ పెద్దాయన ఇంటికి మేమే పోయి, గేటు బయట నిలబడి, రిజిస్టరులోని పుటలు ఆయనకు చదివి వినిపించినాము. "డిటో, డిటో" అని చదువుచుండగా ఆయన చేయెత్తి, చాలు అయ్యగారూ అన్నారు. ఆ డిటోలలో ఆయన జేజినాయన తమ్ముడున్నాడు.

ఇంతవరకు వ్రాసి ఆపితే మేము మంచి కాపరిగా కనబడతాము. అది పూర్తి సత్యము కాదు. 2020 జూన్‌లో గుళ్లు తెరచుటకు అనుమతి వచ్చినది. మరుసటి ఏటికి భయము తగ్గినది. 2021 ఏప్రిల్‌లో కేసులు మరల పెరుగుచున్నవని, పెండ్లిండ్లు కొద్దిమందితో జరుపుకొనవలెనని ఆరోగ్యశాఖవారు చెప్పుచుండగా, మా సంఘములో ఒక పెండ్లి జరిగినది. బంధువులు బస్సులో వచ్చినారు. మాస్కులు మెడలకు వేలాడినవి. భోజనముల దగ్గర పంక్తికి పంక్తి ఆనుకొని కూర్చున్నారు. ఒక మాట చెప్పవలసినది మేము. ఆ తండ్రి ముఖము చూచి, శుభకార్యము గదా అని చెప్పలేకపోయినాము. మే నెల ముగియకముందు అదే రిజిస్టరులో, అవే గడులలో, మా చేతివ్రాతతో ఒక పేరు వ్రాసి మరణకారణము "కోవిడ్" అని వ్రాసినాము. కింద ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. మా చేయి "డిటో" అని వ్రాయబోయి ఆగినది. మూడు చోట్లా పూర్తి మాట వ్రాసినాము. ఆ పెండ్లి నుండియే వారికి సోకినదని ఎవరూ రుజువు చేయలేరు. ఎవరూ మమ్మును అడుగను లేదు.

అదే 2021 ఏప్రిల్‌లో, కరోనా గొడవలో అంతగా ఎవరూ గమనింపని ఇంకొక సంగతి జరిగినది. పాణ్యం మండలము గోరుకల్లులోను, ఆదోనిలోను వాంతులు విరేచనములు ప్రబలి జనము ఆసుపత్రుల పాలయినారు. తాగే నీరు కలుషితము కావటమే కారణమని అనుమానించినారు. మన్రో నాటి మాటయే, రెండువందల ఏండ్లు కావచ్చినా. ఇప్పుడు చెలమలు లేవు, కొళాయిలున్నవి, ట్యాంకులున్నవి. గొట్టము పగిలి మురుగుకాలువలో మునిగితే కొళాయి గూడ చెలమయే. కాని అప్పటికీ ఇప్పటికీ ఒక భేదమున్నది. కలరాలో మనిషి చచ్చేది శరీరములోని నీరు, ఉప్పు పోవుటవలన. పోయినది తిరిగి పట్టిస్తే బ్రతుకుతాడు. 1971లో బంగ్లాదేశ శరణార్థుల శిబిరములో సెలైను సీసాలు అయిపోయినప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు డ్రమ్ములలో పెట్టించి రోగుల బంధువులచేతనే తాగించి వేలమందిని నిలిపినాడు. లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చిన్న చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచినవి. ధాత కరువు శిబిరములలో ఇది తెలిసియుంటే మన రిజిస్టర్లు వేరుగా ఉండెడివి.

మా పాస్టరేటులో స్త్రీల మైత్రివారు ఈ కొలతను అట్టమీద వ్రాసి వంటింటి గోడలకు తగిలించినారు. ఏటా మార్చి నెలలో జిల్లా ఆరోగ్యశాఖవారి ఎండాకాలపు కరపత్రము వస్తుంది. నీళ్లు కాచి తాగండి, ట్యాంకులు కడిగించండి, నిలువనీటిలో దోమలు పెరగనీయవద్దు అని అందులో ఉంటుంది. పూర్వము దానిని నోటీసుబోర్డుకు గుచ్చెడివారము. 2021 తరువాత ఆశీర్వాదమునకు ముందు, ప్రకటనలతోపాటు బలిపీఠము దగ్గర నిలబడి మేమే చదువుచున్నాము. చిన్నపిల్లలు గునుస్తారు, పెద్దలు చెప్పుల కోసము చూస్తారు. మొదటి వరుసలో ఆ సంఘపెద్ద మాత్రము చెవి దగ్గర చేయి పెట్టుకొని, చివరి మాట దాకా వింటారు.